మార్కులో ఎంత సమాచారం ఉంది? కృత్రిమ మేధ కాలంలో చదువు, నిజాయితీ

(ఆచార్య కల్యంపూడి రాధాకృష్ణారావు స్మృతికి అంకితమైన ఉపన్యాసం)



గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కగా సాగే రోడ్డుకు ప్రొఫెసర్ సి.ఆర్. రావు పేరు పెట్టారు. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేరిట గణితం, గణాంకశాస్త్రం, కంప్యూటర్ సైన్సులకు ఒక ఉన్నత అధ్యయన సంస్థ ఉంది. ఆ చుట్టుపక్కల ఆఫీసుల్లో ఈరోజు జరుగుతున్న కృత్రిమ మేధ పనికి గణాంకశాస్త్రం పునాది. ఆ శాస్త్రాన్ని కట్టిన కొద్దిమందిలో ఈ తెలుగువాడు ఒకరు. 1920 సెప్టెంబరు 10న హడగళిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. పూర్తిచేసి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1948లో కేంబ్రిడ్జిలో గణాంకవేత్త ఆర్.ఎ. ఫిషర్ దగ్గర డాక్టరేటు పొందారు. 2001లో పద్మవిభూషణ్, 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి ఆయనకు దక్కాయి. ఆ ఏడాది ఆగస్టు 22న 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. చిన్నతనంలో తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనెదీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టిన తల్లి లక్ష్మీకాంతమ్మకు ఆయన తన పుస్తకంలో కృతజ్ఞత చెప్పుకున్నారు.

ఆయన పేరు చిరకాలం నిలిపిన ఫలితం తరగతి గదిలోనే మొదలైంది. కలకత్తా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. విద్యార్థులకు పాఠం చెబుతూ, శాంపిల్ చాలా పెద్దదైనప్పుడు అంచనాల కచ్చితత్వం గురించి ఫిషర్ కనుగొన్న ఫలితాన్ని రావు వివరించారు. శాంపిల్ చిన్నదైతే ఇలాంటిదేమైనా చెప్పగలమా అని ఒక విద్యార్థి అడిగాడు. ఆ విద్యార్థి వి.ఎం. దండేకర్, తరువాతి కాలంలో భారతదేశ పేదరికం మీద ప్రసిద్ధ అధ్యయనం చేసిన ఆర్థికవేత్త. పాతికేళ్లు కూడా నిండని ఆ అధ్యాపకుడు రాత్రంతా కూర్చుని, మర్నాడు రుజువుతో తరగతికి వచ్చారు. 1945లో అచ్చయిన వ్యాసంలో ఆ ఫలితం చేరింది. స్వీడన్ గణితవేత్త హరాల్డ్ క్రామర్ కూడా విడిగా దాన్ని సాధించడంతో ప్రపంచం దాన్ని క్రామర్–రావు హద్దు అంటోంది.

ఆ హద్దు చెప్పేది ఇది. తెలుసుకోవలసిన విషయం గురించి శాంపిల్‌లో ఎంత సమాచారం ఉందో, అంచనా కచ్చితత్వం దానికి లోబడి ఉంటుంది. పక్షపాతం లేని పద్ధతి ఏది వాడినా ఆ గీత దాటడం కుదరదు. శాంపిల్‌లో లేని సమాచారాన్ని లెక్కల్లో ఎంత నేర్పరి అయినా పుట్టించలేడు.

ఈ ఉపన్యాసంలోని వాదన ఆ సూత్రం మీదే నిలబడుతుంది. మార్కు కూడా ఒక అంచనాయే. విద్యార్థి తలలో ఎంత చదువు ఉందో నేరుగా చూడలేరు కాబట్టి, అతను రాసి ఇచ్చిన కాగితాన్ని శాంపిల్‌గా తీసుకుని అధ్యాపకుడు అంచనా వేస్తాడు. కాగితం విద్యార్థి నుంచి రాకపోతే అందులో అతని గురించి సమాచారం ఉండదు. అప్పుడు మార్కుకు అర్థం ఉండదు, డిగ్రీకీ ఉండదు. విద్యలో నిజాయితీ అంటే ఆ సమాచారాన్ని కాపాడడమే.

1. యంత్రానికి ముందటి సంగతి

కృత్రిమ మేధ వచ్చి చదువును పాడుచేసిందన్న మాట సగమే నిజం. హైదరాబాద్‌లో చదువు పనిని ఇతరుల చేత చేయించుకోవడం పాత అలవాటు. ల్యాబ్ రికార్డు సీనియర్ దగ్గర తెచ్చుకుని దించెయ్యడం ఇంజనీరింగ్ కాలేజీల్లో తరతరాలుగా సాగుతోంది. రావలసిన జవాబు ముందే తెలుసుకుని, దానికి సరిపోయేలా రీడింగులు వేసుకోవడం దానికి తోడు.

ఫైనలియర్ ప్రాజెక్టు విషయానికొస్తే అదొక వ్యాపారమైంది. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌లలోని ప్రాజెక్ట్ సెంటర్లలో టైటిల్, అబ్‌స్ట్రాక్ట్, సోర్స్ కోడ్, డాక్యుమెంటేషన్, పీపీటీ అన్నీ ఒకే ప్యాకేజీగా దొరుకుతాయి. వైవాలో అడిగే ప్రశ్నలు, వాటి జవాబులు కూడా అందులోనే ఉంటాయి. అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టూ ఉన్న శిక్షణ సంస్థలు ఎందరో పల్లె పిల్లలకు కాలేజీ నేర్పని పని నేర్పి ఉద్యోగాల్లో నిలబెట్టాయి. ఆ గౌరవం వాటికి దక్కాలి. అదే వీధుల్లో ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పత్రాలూ పుట్టాయి, ప్రాక్సీ ఇంటర్వ్యూలూ పుట్టాయి. అభ్యర్థి కెమెరా ముందు పెదవులు కదిలిస్తుంటే జవాబులు వేరొకరు చెప్పే పద్ధతి చాట్‌బాట్ల కంటే పాతది.

దీనికి కారణాన్ని విద్యార్థుల గుణంలో వెతికితే దొరకదు; కాలేజీలు పెరిగిన తీరులో దొరుకుతుంది. 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజ్‌పేయి హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ఐటీ భవనాన్ని ప్రారంభించారు. అదే ఏడాది ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ మొదలైంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ప్రతి ఇంటి ఆశయమైంది. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు ఒక దశలో ఏడు వందల దాకా పెరిగాయి. ఆ వేగంతో అధ్యాపకులు తయారు కాలేదు. ప్రాజెక్టు చెయ్యాలని సిలబస్ చెప్పింది. దగ్గరుండి చేయించేవాళ్లు చాలా చోట్ల లేకపోయారు. పని మాయమై, పనికి గుర్తుగా బైండు చేసిన పుస్తకం మిగిలింది. యంత్రం వచ్చేనాటికే చాలా కాగితాల్లో సమాచారం ఖాళీ అయిపోయింది.

2. మారినదేమిటి

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనంలోకి వచ్చాక మూడు మార్పులు జరిగాయి. ఖర్చు పోయింది: వేల రూపాయలు పెట్టి కొన్న ప్యాకేజీ ఫోనులో ఉచితంగా దొరకడం మొదలైంది. జాప్యం పోయింది: రాత్రి పన్నెండింటికి గుర్తొచ్చిన అసైన్‌మెంట్ పన్నెండుంపావుకి పూర్తవుతుంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, పోలిక పోయింది. ఒకే ప్రశ్నను అరవై మంది అడిగితే అరవై రకాల వాక్యాల్లో జవాబు వస్తుంది.

మన దేశంలో నిజాయితీని కాపాడే నియమాలు ఆ పోలిక మీదే ఆధారపడ్డాయి. విశ్వవిద్యాలయాల్లో గ్రంథచౌర్యాన్ని ఆపడానికి యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. సిద్ధాంత గ్రంథంలో ఇతర రచనలతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం దాకా ఉంటే ఆరు నెలల్లోపు సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 దాకా ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇచ్చే వీలుండదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఎత్తిరాతను పట్టడానికి ఈ కొలత సరిపోయింది. యంత్రం అప్పటికప్పుడు అల్లిన వాక్యం ఎక్కడా అచ్చయి ఉండదు కనుక పోలిక సున్నా దగ్గర ఆగుతుంది. సొంతంగా ఆలోచించి, ఉటంకింపులు ఎక్కువ ఇచ్చిన పరిశోధకుడికి 15 శాతం చూపించే సాఫ్ట్‌వేర్, ఏమీ రాయనివాడికి 2 శాతం చూపించవచ్చు. వాక్యం కొత్తదైనంత మాత్రాన ఆలోచన ఆ విద్యార్థిది కాదు. ఈ తేడాను శాతాలు చూపలేవు.

3. పట్టుకునే యంత్రాల లెక్క

అయితే యంత్రం రాసినదాన్ని యంత్రమే పట్టుకోవచ్చు కదా అన్న ఆశ వెంటనే పుట్టింది. సి.ఆర్. రావు శిష్యులు దీన్ని లెక్క కట్టి చూడాలి. ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ అనే పుస్తకంలో ఆయన డేటాను అడ్డప్రశ్నలు వేసి పరీక్షించడం గురించి రాశారు. కల్పించిన లెక్కలను గణాంకం ఎలా బయటపెడుతుందో చూపారు. ఆ పరీక్షను ఇప్పుడు డిటెక్టర్లకే పెట్టాలి.

చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థ 2023 జనవరిలో స్వయంగా ఒక డిటెక్టర్ విడుదల చేసింది. యంత్రం రాసినవాటిలో 26 శాతాన్ని మాత్రమే అది గుర్తించిందని, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని పొరపాటున యంత్రానివిగా చెప్పిందని ఆ సంస్థే ప్రకటించింది. వంద మంది ఉన్న తరగతిని ఊహించండి. అందులో 20 మంది యంత్రంతో రాయించారనుకుందాం. ఆ ఇరవైలో దాదాపు 5 మంది దొరుకుతారు. నిజాయితీగా రాసిన 80 మందిలో దాదాపు 7 మంది మీద నింద పడుతుంది. హెచ్.ఓ.డి. గది ముందు నిలబడిన 12 మందిలో ఏడుగురు నిరపరాధులు. అదే ఏడాది జూలైలో కచ్చితత్వం తక్కువని ఆ సంస్థ దాన్ని ఉపసంహరించుకుంది. తరువాత వచ్చినవి కొంత మెరుగైనా, నిరపరాధి మీద నింద పడే ప్రమాదం తొలగలేదు.

ఆ నింద అందరి మీదా సమానంగా పడదన్నది మరింత బాధాకరం. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లను పరీక్షించారు. ఇంగ్లిషు మాతృభాష కానివారు టోఫెల్ కోసం రాసిన 91 వ్యాసాలను వాటికిస్తే, సగటున 61 శాతాన్ని యంత్రం రాసిందని అవి తేల్చాయి. పరిమితమైన పదాలతో సాదా వాక్యాలు రాయడమే ఆ రచయితల నేరం. సభలోని అధ్యాపకులు ఈ అంకె దగ్గర కాస్త ఆగాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, పాలిటెక్నిక్ మీదుగా ఇంజనీరింగ్‌కు వచ్చిన పిల్ల రాసే ఇంగ్లిషు అలాంటిదే. కష్టపడి సొంతంగా రాసినందుకు ఆమెను దోషిగా నిలబెట్టడం విద్యాసంస్థ చెయ్యగల అన్యాయాల్లో పెద్దది. డిటెక్టర్ ఇచ్చిన అంకె ఒక్కటే ఆధారంగా ఏ విద్యార్థినీ శిక్షించకూడదు.

4. కోల్పోయేది ఎవరు

నిజాయితీ చర్చ ఎప్పుడూ నియమాల చుట్టూ తిరగడం వల్ల అసలు నష్టం మరుగున పడుతుంది. చదువు అనేది జవాబును చేరే దారిలో మనసులో జరిగే మార్పు. తప్పు రాసి, కొట్టేసి, మళ్లీ రాసేటప్పుడు ఆ మార్పు జరుగుతుంది. చదివిన పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారి కంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేసినవారికి వారం తరువాత ఎక్కువ గుర్తుంటుందని 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగంతో చూపారు. విచిత్రమేమిటంటే, చదివిన అయిదు నిమిషాలకే అడిగితే తిరగ చదివినవారే మెరుగ్గా చెప్పారు. సులువుగా వచ్చినది నిలవదు. నిలవదని ఆ క్షణాన తెలియదు.

యంత్రం విషయంలోనూ ఇదే తేలింది. తుర్కియేలో దాదాపు వెయ్యి మంది హైస్కూలు విద్యార్థులతో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు గణిత పాఠాల్లో చేసిన ప్రయోగం 2024లో వెలువడింది. మామూలు చాట్‌బాట్ చేతికిచ్చినవారు అభ్యాసంలో 48 శాతం మెరుగ్గా చేశారు. తరువాత అది లేకుండా పరీక్ష పెడితే, దాన్ని ఎన్నడూ వాడనివారి కంటే 17 శాతం వెనకబడ్డారు. తాము తక్కువ నేర్చుకున్నామని వాళ్లకు అనిపించనే లేదు. మరో బృందానికి జవాబు చెప్పకుండా, ఉపాధ్యాయులు తయారుచేసిన సూచనలు మాత్రమే ఇచ్చే చాట్‌బాట్ ఇచ్చారు. వాళ్లలో ఆ నష్టం చాలావరకు కనిపించలేదు.

ఈ ప్రయోగం రెండు వైపులా మాట్లాడుతుంది. యంత్రాన్ని తరగతి నుంచి వెళ్లగొట్టమని చెప్పదు. ఊళ్లో ట్యూషన్ దొరకని పిల్లవాడికి అర్థరాత్రి సందేహం వస్తే, తెలుగులోనే విడమరచి చెప్పగలిగిన సాధనం ఇంతకుముందు లేదు. ఆ మేలు కాదనలేనిది. సూచన అడిగితే మేలు, జవాబు అడిగితే కీడు. ఏది అడగాలో నిర్ణయించేది విద్యార్థి. ఎవరూ చూడని చోట ఆ నిర్ణయం తీసుకుంటాడు కాబట్టి ఇది నిజాయితీకి సంబంధించిన విషయమైంది.

5. ‘కంపెనీల్లో వాడుతున్నారు కదా’

విద్యార్థులు వేసే బలమైన ప్రశ్న ఇది. రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ప్రోగ్రామర్లు గిట్‌హబ్ కోపైలట్ వంటి సాధనాలతోనే పని చేస్తున్నారు. 2022లో అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఆఫీసులో ఒప్పయినది కాలేజీలో తప్పెలా అవుతుంది?

ఉద్యోగి నుంచి సంస్థ కోరేది నడిచే కోడ్. విద్యార్థి రాసే కోడ్ ఎవరికీ అక్కర లేదు. బైనరీ సెర్చ్ ప్రోగ్రాముకు ప్రపంచంలో లక్షల ప్రతులున్నాయి; ఇంకొకటి ఎవరికీ అవసరం లేదు. దాన్ని రాయగల మనిషి అవసరం. ఆ మనిషిని తయారు చేయడానికే అసైన్‌మెంట్ ఇస్తారు.

పైగా ఆఫీసులో వాడడానికి ఒక షరతుంది. కోడ్ రివ్యూలో ప్రతి లైనుకూ సంజాయిషీ ఇవ్వవలసింది ఉద్యోగే. ఈ సాధనాల వెనుక ఉన్న భాషా నమూనాలు తరువాతి పదాన్ని సంభావ్యత ప్రకారం ఎంచుకుంటూ పోతాయి. నమ్మకంగా ధ్వనించే తప్పు కూడా వాటినుంచి వస్తుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను నిజమైన తీర్పులుగా కోర్టుకిచ్చారు. కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. అలాంటి తప్పును పట్టుకోవాలంటే విషయం ముందే తెలిసి ఉండాలి. సాధనాన్ని వాడే అర్హత, సాధనం లేకుండా సంపాదించిన జ్ఞానం నుంచే వస్తుంది.

కంపెనీలు కూడా ఈ సంగతి గ్రహించాయి. ఆన్‌లైన్ ఇంటర్వ్యూల్లో జవాబులు ఎవరివో తెలియని పరిస్థితి రావడంతో, కనీసం ఒక్క రౌండైనా ముఖాముఖిగా జరపాలని నిర్ణయించినట్టు 2025లో గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్ చెప్పారు. క్యాంపస్‌లో నాలుగేళ్లు తప్పించుకున్న వైవా, ఉద్యోగం వాకిట్లో ఎదురవుతోంది.

6. చెయ్యవలసినవి

వ్యాధి శాంపిల్‌లో ఉన్నప్పుడు చికిత్స కూడా అక్కడే జరగాలి. విద్యార్థి గురించి సమాచారం మోసే పనినే మార్కులకు లెక్కించాలి. ఇందుకు నాలుగు మార్గాలున్నాయి. ఏదీ కొత్తది కాదు.

మొదటిది వైవాకు ప్రాణం పోయడం. తెలుగువారికి ఈ విద్య బాగా తెలుసు. అష్టావధానంలో నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతాడు. ఆ అడ్డును దాటుతూ అవధాని సభ ముందే పద్యం అల్లుతాడు. పద్యం ఎవరిదన్న అనుమానం ఎవరికీ రాదు. అది పుట్టడం అందరూ చూశారు. ప్రాజెక్టు వైవా కూడా అలా ఉండాలి. ఈ కండిషన్ తీసేస్తే ఏమవుతుంది? ఇన్‌పుట్ ఖాళీగా వస్తే ప్రోగ్రాము ఎక్కడ ఆగుతుంది? ఈ డేటాబేస్‌ను ఎందుకు ఎంచుకున్నారు? రెండు ప్రశ్నలకే పని చేసినవారెవరో తెలిసిపోతుంది. ప్యాకేజీతో వచ్చిన జవాబులు మూడో ప్రశ్న దాకా నిలవవు.

రెండోది, తుది ప్రతితో పాటు దారిని కూడా చూపించమనడం. తొలి చిత్తుప్రతి, కొట్టివేతలు, పని చెయ్యని ప్రయత్నాలు, ల్యాబ్‌లో వచ్చిన అసలు రీడింగులు మార్కుల్లోకి రావాలి. తప్పు రీడింగును దాచకుండా రాసి, కారణం వెతికిన విద్యార్థికి, సరిగ్గా సరిపోయిన రీడింగు ‘వేసుకున్న’ విద్యార్థి కంటే ఎక్కువ మార్కులు ఇవ్వగలిగిన రోజున సగం సమస్య తీరుతుంది.

మూడోది, ఎంత వాడవచ్చో ప్రతి అసైన్‌మెంట్ మీదా స్పష్టంగా రాయడం. ఒక సార్ వద్దని, ఒక మేడమ్ పర్వాలేదని, కాలేజీ ఏమీ చెప్పకుండా ఉంటే విద్యార్థి తనకు అనుకూలమైనదే నమ్ముతాడు. పూర్తిగా నిషిద్ధమా, సందేహాలకు వాడవచ్చా, భాష దిద్దుకోవచ్చా అన్నది ముందే చెప్పాలి. వాడినవారు ఎక్కడ, దేనికి వాడారో రెండు వాక్యాల్లో రాసి సంతకం చెయ్యాలి. నిజం చెప్పినందుకు మార్కు తగ్గించకూడదు.

నాలుగోది అధ్యాపకులకు సమయం ఇవ్వడం. అరవై మంది సెక్షన్‌లో మనిషికి పది నిమిషాల వైవా అంటే పది గంటలు. ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు చాలని ఏఐసీటీఈ 2018లో నిష్పత్తిని సడలించింది. అంతకుముందు అది పదిహేనుకు ఒకరు. అడ్మిషన్ల డ్యూటీలు, అక్రిడిటేషన్ ఫైళ్లు మోస్తున్న అధ్యాపకుడికి ఆ పది గంటలు ఎక్కడినుంచి వస్తాయో యాజమాన్యాలు చెప్పాలి. డిటెక్టర్‌కు పెట్టే చందా డబ్బును, ఫైళ్లకు పోయే సమయాన్ని వైవాకు మళ్లించడం అందులో తొలి అడుగు. అధ్యాపకుల నిజాయితీ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. యంత్రంతో ప్రశ్నపత్రం తయారుచేయించి, యంత్రంతో పేపర్లు దిద్దించే చోట విద్యార్థిని మాత్రమే నిజాయితీ అడిగే హక్కు ఉండదు.

7. చివరి మాట

క్రామర్–రావు హద్దు వెనుక ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఉంది, ఒక అధ్యాపకుడు సొంతంగా మోసిన రాత్రి ఉంది. దండేకర్ అడగకపోయినా, రావు ఆ రాత్రి పడుకుని ఉన్నా, ఆ ఫలితం ఆ తరగతిలో పుట్టేది కాదు. తెలియదని ఒప్పుకోవడం, అడగడం, జవాబు కోసం సొంతంగా శ్రమించడం: విద్యలో నిజాయితీ ఈ మూడే. వీటిలో ఏ ఒక్కటీ యంత్రానికి అప్పగించి మిగతా రెండూ ఉంచుకోవడం వీలుపడదు.

విద్యార్థులకు ఈ సభ తరఫున విజ్ఞప్తి: ఏ ప్రశ్న వచ్చినా ముందు కాగితం మీద సొంత ప్రయత్నం చెయ్యండి, తప్పయినా సరే. ఆ తరువాతే యంత్రాన్ని అడగండి. అడిగినప్పుడు సూచన అడగండి, వాడినప్పుడు వాడామని చెప్పండి. అధ్యాపకులకు విజ్ఞప్తి: వచ్చే సెమిస్టర్‌లో ఒక్క అసైన్‌మెంట్‌నైనా వైవాతో కలిపి పెట్టండి. యాజమాన్యాలకు విజ్ఞప్తి: అందుకు వాళ్లకు సమయం ఇవ్వండి. డిగ్రీ పట్టా మీద ఉన్న పేరు, ఆ పని చేసిన మనిషి పేరు ఒకటే కావాలి. అలా కాని పట్టా ఎవరికీ ఉపయోగపడదు.